బొచ్చు ఇంటికి ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు: దువ్వెన, రబ్బరు, రోలరు, వ్యాక్యూమ్

ల్యాబ్రడార్ ఉన్న ఇంట్లో పొద్దున ఊడ్చిన హాలు మధ్యాహ్నానికల్లా మళ్లీ బొచ్చు ఉండలతో నిండితే, చాలామంది చేసే మొదటి పని ఆన్‌లైన్‌లో వ్యాక్యూమ్ క్లీనర్ వెతకడం. అంత డబ్బు పోశాక కూడా సోఫా మీద బొచ్చు కదలదు, నేల మీది బొచ్చు మర్నాటికి మళ్లీ వస్తుంది. యంత్రం చెడ్డదని కాదు, కొనే వరస తప్పింది. ముందు జంతువు ఒంటికి దువ్వెన, తర్వాత సోఫాలకీ పరుపులకీ రబ్బరు, ఆ తర్వాత నేలకి పొడి మాపు, అన్నీ అయ్యాక మోటారు సామాను. మొదటి మూడూ కలిపినా మామూలుగా ఒక మంచి వ్యాక్యూమ్ ధర కంటే తక్కువే అవుతాయి. ఈ సమీక్ష కూడా అదే వరసలో నడుస్తుంది.

ల్యాబ్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, పామరేనియన్ కుక్కలకి బొచ్చు రెండు పొరలు. పైన నిగనిగలాడే బిరుసు వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తటి పొర. మంచం కింద ఉండలు కట్టేది ఎక్కువగా ఆ కింది పొరే. పగటి వెలుతురు పెరిగే, తగ్గే కాలాల్లో అది బాగా రాలుతుంది. రాత్రి పొద్దుపోయేదాకా లైట్లు వెలిగే ఇంట్లో పెరిగే కుక్కకి ఆ కాలం లెక్క కుదరక ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటుంది. ఎలాగూ రాలబోయే వెంట్రుకని కుక్క ఒంటి మీదే పట్టుకుంటే అది నేల దాకా రాదు. అందుకే మొదటి ఖర్చు దువ్వెన మీద.

ఈ రకం బొచ్చుకి అందరూ చెప్పే పేరు ఫర్మినేటర్. సన్నటి స్టీలు పళ్ల అంచు, పిడి మీద ఒక మీట. ఆ మీట నొక్కితే పళ్లలో ఇరుక్కున్న బొచ్చు ముద్దగా బయటికి వస్తుంది. పొట్టి బొచ్చుకీ పొడుగు బొచ్చుకీ పళ్ల పొడవు వేరు. పొడుగు బొచ్చుదాన్ని ల్యాబ్‌కి వాడితే పళ్లు చర్మాన్ని గీరతాయి, పొట్టిదాన్ని పామరేనియన్‌కి వాడితే పైపైనే జారిపోతుంది. కొనేటప్పుడు పెట్టె మీద కుక్క బరువుతో పాటు బొచ్చు పొడవు కూడా చూసుకోవాలి. దువ్వే పద్ధతి ఇదీ: ఫ్యాన్ ఆపి, బాల్కనీలోనో వరండాలోనో పాత దుప్పటి పరిచి, ఒళ్లు పూర్తిగా ఆరి ఉన్నప్పుడు, బొచ్చు వాలు దిక్కునే పొడుగ్గా, తేలిగ్గా లాగాలి. మెడ చుట్టూ, తోక మొదట్లో, తొడల వెనక ఎక్కువ వస్తుంది. పొట్ట కింద, ఎముక తేలిన చోట్ల ఈ అంచు అసలు పెట్టకూడదు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు చాలు.

ఇక్కడే ఎక్కువ మంది పొరపాటు చేస్తారు. ముద్దలు ముద్దలుగా వస్తుంటే ఆపబుద్ధి కాదు. దువ్వెనలో వస్తున్నదాన్ని దగ్గరగా చూడండి. మసక రంగులో దూదిలా ఉంటే అది కింది పొర, కొనసాగించవచ్చు. పొడుగ్గా, మెరుస్తూ, కొస తెగినట్టున్న వెంట్రుకలు ఎక్కువవుతున్నాయంటే ఆ అంచు పై పొరని కోసేస్తోందని అర్థం, ఆ రోజుకి అక్కడితో ఆపాలి. ఆపకుండా ఒకేచోట గీస్తూ పోతే చర్మం ఎర్రబడి మంట పెడుతుంది, మర్నాటి నుంచి దువ్వెన కనిపిస్తే కుక్క మంచం కింద దూరుతుంది. పూడిల్, షిహ్ ట్జూ లాంటి రాలని బొచ్చు కుక్కలకి ఈ దువ్వెన కొనడమే దండగ.

పామరేనియన్‌కీ పర్షియన్ పిల్లికీ వంపు తిరిగిన సన్న తీగల స్లిక్కర్ బ్రష్, దానికి జతగా ఒక స్టీలు దువ్వెన కావాలి. స్లిక్కర్‌ని ముందు మీ మోచేతి లోపలి వైపు రాసి చూసుకోండి. మీకు గుచ్చుకునేంత నొక్కు వాటికీ గుచ్చుకుంటుంది. ఎడమచేత్తో బొచ్చుని పాయ తీసి, కుదురు కనిపించేలా పట్టుకుని, పొరపొరగా దువ్వాలి. పైపైన దువ్వితే చూడ్డానికి బాగుంటుంది, లోపల మాత్రం చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య జడలు కడుతుంది. జడలు కట్టిన బొచ్చుతో స్నానం చేయిస్తే నీళ్లకి అవి ఇంకా బిగుస్తాయి, కాబట్టి ఎప్పుడూ ముందు దువ్వు, తర్వాతే నీళ్లు. పిల్లి చర్మం పల్చన, జడతో పాటు పైకి లేస్తుంది. కత్తెర పెడితే చర్మం తెగుతుంది. విడదీయడానికి లొంగని జడ ఉంటే గ్రూమింగ్ చేసేవాళ్ల దగ్గర మిషన్‌తో తీయించడమే క్షేమం.

పగ్, బీగిల్, మన నాటు కుక్కల పొట్టి బొచ్చుకి ఇవేవీ అక్కర్లేదు. బొడిపెలున్న రబ్బరు చేతితొడుగు గానీ, కాంగ్ జూమ్‌గ్రూమ్ లాంటి మందపాటి రబ్బరు బ్రష్ గానీ సరిపోతుంది. గుండ్రంగా రుద్ది, చివర్లో బొచ్చు వాలున ఒకసారి లాగాలి. షాంపూ నురగలో దీంతోనే రుద్దితే ఊడటానికి సిద్ధంగా ఉన్నదంతా బాత్రూంలోనే వచ్చేస్తుంది. నీళ్లు పోయే గొట్టం మీద జాలీ మూత మాత్రం తప్పనిసరి, లేకపోతే ఆ బొచ్చంతా సబ్బు జిడ్డుతో కలిసి లోపల తాడులా పేనుకుంటుంది. చేతితొడుగు కొనేటప్పుడు బొడిపెల్ని గోటితో వంచి చూడండి. వంగి వెంటనే నిలబడాలి. గట్టి ప్లాస్టిక్‌లా ఉంటే బొచ్చు పట్టదు. అంచులు కుట్టుతో కాక జిగురుతో అతికించినవి నాలుగు స్నానాలకి ఊడతాయి.

ఎండాకాలం రాగానే ల్యాబ్‌కీ పామరేనియన్‌కీ గుండు కొట్టించేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. చల్లగా ఉంటుందని కొందరు, ఇంట్లో బొచ్చు పడదని కొందరు. రెండూ జరగవు. ఆ పై పొరే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడేది. గుండు కొట్టినా రాలడం ఆగదు, పైగా రాలేవి సూదుల్లాంటి పొట్టి ముక్కలు కావడంతో సోఫా నేతలో ఇంకా లోతుకి దిగుతాయి. పామరేనియన్‌కి కొన్నిసార్లు ఆ బొచ్చు మళ్లీ సరిగా రాదు కూడా. దయచేసి ఆ పని చేయించకండి.

ఇక సోఫా సంగతి. వెంట్రుక ఉపరితలం నున్నగా ఉండదు, చేప పొలుసుల్లాంటి సన్న పొరలు ఉంటాయి. కొస సన్నం. మనుషులు కూర్చుని లేచిన ప్రతిసారీ అది నేత సందుల్లోకి ఇంకాస్త దిగుతుంది. సగం లోపల, సగం పైన పడుకుని ఉన్న వెంట్రుకని గాలి లాగలేదు, ఎందుకంటే గాలికి అందేటంత భాగం పైకి లేచి లేదు. రబ్బరు అలా కాదు. వెంట్రుకని ఒరుసుకుని పక్కకి దొర్లిస్తూ బయటికి తెస్తుంది, వచ్చినవి ఒకదానికొకటి చుట్టుకుని చుట్టలవుతాయి. చుట్ట అయ్యాక చేత్తో తీసి పారేయడమే.

ఇందుకని ప్రత్యేకంగా అమ్మే రబ్బరు చీపుర్లు బాగానే పనిచేస్తాయి, కానీ బాత్రూంలో నీళ్లు తోసే వైపర్ కొత్తది ఒకటి విడిగా పెట్టుకుంటే సోఫా మీదా కార్పెట్ మీదా అదే పని అవుతుంది. అంచు మెత్తటి రబ్బరై ఉండాలి. బిరుసు ప్లాస్టిక్ అంచువి జారిపోతాయి. ఒక జానెడు దూరం మాత్రమే, గట్టిగా నొక్కి, మీ వైపుకే లాగాలి. అటూ ఇటూ తోస్తే వచ్చిన చుట్ట మళ్లీ విడిపోతుంది. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా లాగితే మొదటిసారి దొరకనివి రెండోసారి వస్తాయి. దిండు కుట్ల వెంట, సోఫా మూలల్లో గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లవుజు తొడుక్కుని, నీళ్లలో ముంచి బాగా విదిలించి, అరచేత్తో ఒకే దిక్కున రాయండి. చేయి తడిగా ఉంటే చాలు, నీళ్లు కారితే బొచ్చు గుడ్డకి అంటుకుపోతుంది. వెల్వెట్ సోఫా అయితే నూగు వాలు దిక్కునే లాగాలి, ఎదురు లాగితే చారలు పడతాయి. పట్టుగుడ్డ మీదైతే రబ్బరు వద్దు.

కూర్చున్న చోటే రోజూ ఒక నిమిషంలో చేసుకునే పనికి మాత్రం చామ్‌చామ్ రకం రోలరు కొనదగ్గది. బ్యాటరీ లేదు, అంటించే కాగితం లేదు. దీని తల కింద ఎర్రటి నూగు గుడ్డ రెండు పట్టీలుగా ఉంటుంది, రెండింటి నూగూ ఎదురెదురు దిక్కులకి వాలి ఉంటుంది. ముందుకి తోసినప్పుడు తల ఒక పక్కకి ఒరిగి ఒక పట్టీ బొచ్చుని పడుతుంది, వెనక్కి లాగగానే తల రెండో పక్కకి ఒరిగి, లోపలి రబ్బరు అంచు మొదటి పట్టీని గీకి బొచ్చుని వెనక ఉన్న పెట్టెలో పడేస్తుంది. అంటే పని జరిగేది దిక్కు మారే ఆ క్షణంలోనే. చపాతీ కర్రలా మెల్లగా, పొడుగ్గా దొర్లించి ‘ఇది పనికిరాదు’ అని పక్కన పడేసేవాళ్లు ఎందరో. నాలుగు వేళ్లంత దూరం, చకచకా ముందుకీ వెనక్కీ, టకటక శబ్దం వచ్చేలా ఆడించాలి. మీట నొక్కి మూత తీస్తే పెట్టెలో బొచ్చు పలకలా ఒత్తుకుని ఉంటుంది.

బిగుతుగా ఉన్న గుడ్డ మీదే ఇది పనిచేస్తుంది: సోఫా, పరుపు, కారు సీటు. వదులు దుప్పటి అయితే గుడ్డే మడతపడి తలలోకి పోతుంది, ఒక చేత్తో లాగిపట్టి ఆడించాలి. టైల్స్ మీద, రెక్సిన్ మీద ఏమీ చేయదు. ఒంటి మీద ఉన్న బట్టలకీ కుదరదు. తడి తగలనివ్వకూడదు, ఎర్రపట్టీ తడిస్తే నూగు అణిగి పట్టు పోతుంది. దీని నకళ్లు అసలు కంటే బాగా తక్కువ ధరలో దొరుకుతాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. చేతికి వచ్చాక మూడు చూడండి: పట్టీ మీద గోరు అటూ ఇటూ రాస్తే ఒక దిక్కున జారాలి, ఎదురు దిక్కున ఆగాలి. తలని వేలితో ఊపితే ఆటంకం లేకుండా రెండు వైపులా ఒరగాలి. మూత మూసి బోర్లించి ఊపినా తెరుచుకోకూడదు. ఈ మూడింట్లో ఏది తప్పినా వెనక్కి పంపేయడమే.

జిగురు కాగితం రోలరు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గుమ్మం దగ్గర ఒకటి ఉంటే ఆఫీసుకి వెళ్లేముందు నల్ల ప్యాంటుకి పనికొస్తుంది. సోఫాకి వాడితే కొన్నాళ్లకి కాగితం చుట్టల ఖర్చే చామ్‌చామ్ రకం రోలరు ధర అవుతుంది.

నేల దగ్గరికి వస్తే మన గడ్డి చీపురు బొచ్చుకి పూర్తిగా తప్పు సామాను. సగం బొచ్చు చీపురు కొసల్లో చిక్కుకుని పక్క గదికి ప్రయాణిస్తుంది, సగం గాలికి లేచి వెనక పడుతుంది. పైన ఫ్యాన్ తిరుగుతుంటే ఊడ్చినట్టే లెక్క కాదు. ఫ్యాన్ ఆపి రెండు నిమిషాలు ఆగి, వెడల్పాటి మైక్రోఫైబర్ పొడి మాపుని గది ఒక చివర మొదలుపెట్టి నేల మీంచి ఎత్తకుండా పాములా వంపులు తిప్పుతూ గుమ్మం దాకా తేవాలి. ఎత్తిన చోటల్లా బొచ్చు వదిలేస్తుంది. బట్ట ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవం వేయకండి. అది పోగుల మీద పూతలా పట్టి బొచ్చు పట్టే గుణాన్ని పోగొడుతుంది. ఒక మాట విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లకి: ఈ బట్ట పట్టులో కొంత భాగం రాపిడికి పుట్టే విద్యుత్తు వల్ల, తేమ గాలిలో అది నిలవదు. ఉక్కపోత రోజుల్లో మాపు పట్టడం లేదనిపిస్తే పాడైందని పారేయకండి, బట్ట మీద నీళ్లు సన్నగా చిలకరించి వాడండి. హైదరాబాద్ చలికాలంలో పొడిగానే అద్భుతంగా పడుతుంది.

తడిమాపు ఎప్పుడూ రెండోదే. బొచ్చున్న నేల మీద నేరుగా తడిగుడ్డ పెడితే అది తడిసి టైల్స్ కీళ్లలో అతుక్కుని, ఆరాక మళ్లీ లేస్తుంది. పిల్లి ఉన్న ఇంట్లో ఆ నీళ్లలో ఫినాయిల్ వేయొద్దు. పిల్లి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, ఫినాల్ జాతి రసాయనాల్ని దాని కాలేయం సరిగా విడగొట్టలేదు. కొద్దిగా గిన్నెల సబ్బు ద్రవం వేసిన గోరువెచ్చని నీళ్లు చాలు.

ఇప్పుడు వ్యాక్యూమ్. డబ్బా మీది వాట్లు చూసి కొనకండి, అవి కరెంటు లాగే లెక్క, బొచ్చు లాగే లెక్క కాదు. చూడాల్సింది కింద ఉండే బ్రష్ తల. దానికి సొంత మోటారు ఉంటే బ్రష్ గుడ్డలో దిగినా ఆగదు. గాలితో తిరిగే టర్బో బ్రష్ మందపాటి పరుపు మీద నొక్కగానే ఆగిపోతుంది. టైల్స్ మీద బిరుసు కుచ్చు బ్రష్ బొచ్చుని లాగేలోపే వెనక్కి చిమ్ముతుంది, అక్కడికి మెత్తటి గుడ్డ రోలరు తల కావాలి. కాబట్టి రెండు తలలూ పెట్టెలోనే ఇస్తున్నారా, విడిగా కొనాలా అన్నది ధర చూసేముందే తేల్చుకోవాలి. డైసన్ 2021లో వి15 డిటెక్ట్‌తో పాటు తెచ్చిన శంకు ఆకారపు మరచుట్టు బ్రష్ ఆలోచన బాగుంది: వెంట్రుక సన్న కొస వైపు జారిపోయి డబ్బాలోకి వెళ్తుంది, చుట్టుకోదు. పరుపుకీ మెట్లకీ అది సరైన సామాను. వైర్‌లెస్ యంత్రాలన్నిటికీ వర్తించే హెచ్చరిక ఒకటి, ప్రకటనలో రాసే నిమిషాలు తక్కువ వేగానివి. బొచ్చు లాగే పూర్తి వేగంలో బ్యాటరీ అందులో చిన్న వంతు సేపే వస్తుంది. మూడు పడకగదుల ఇల్లు ఒక్క ఛార్జింగ్‌లో అవుతుందని లెక్క వేసుకోకండి. కారులో పెట్టుకునే చేతి వ్యాక్యూమ్‌లు బొచ్చుకి పనికిరావు, పేలాలూ ఇసుకా తీయడానికి తప్ప.

‘కొత్తలో బాగా లాగేది, ఇప్పుడు లాగట్లేదు’ అనే ఫిర్యాదుకి కారణం తరచుగా రెండే. ఒకటి, బ్రష్ రోలరుకి బొచ్చు చుట్టుకోవడం. మధ్యలో చుట్టుకున్నది కనిపిస్తుంది, రెండు చివర్లా బేరింగు మూత కింద చేరినది కనిపించదు, అదే బిగిసి వేడెక్కి రోలరుని ఆపేస్తుంది. నెలకోసారి రోలరు బయటికి తీసి, గాడి వెంట చిన్న కత్తెర దూర్చి బొచ్చుని పొడుగునా కోసి, చివర్ల మూతలు ఊడదీసి పట్టకారుతో లాగేయాలి. రెండోది ఫిల్టరు. కడిగాక కనీసం 24 గంటలు నీడలో ఆరాలి, వానాకాలంలో రెండు రోజులు. తడి ఫిల్టరుతో నడిపితే వాసన పట్టడమే కాక మోటారు కూడా దెబ్బతింటుంది. అదనంగా ఒక ఫిల్టరు కొని పెట్టుకోండి. సంచి లేని యంత్రాల డబ్బాని ఇంటి బయటే ఖాళీ చేయాలి.

రోబో వ్యాక్యూమ్ మంచి రోజువారీ పనిమనిషి, ఒక షరతు మీద: ఇంట్లో గడపలు 2 సెంటీమీటర్లు మించి ఉండకూడదు. చాలా మోడళ్లు అంతకంటే ఎత్తు ఎక్కలేవు, పాత పద్ధతి గడపలున్న ఇంట్లో ఒక్కో గదికి ఎత్తుకుని మోయాల్సి వస్తుంది. కుచ్చు బ్రష్ కాక రబ్బరు రోలర్లు ఉన్నది తీసుకోండి, ఐరోబోట్ రూంబా వరసలో చాలావాటికి అవే ఉంటాయి. వాటికి చుట్టుకున్న బొచ్చు వేళ్లతోనే వస్తుంది. ముందుండే చిన్న చక్రాన్ని ఎవరూ చూడరు. గట్టిగా లాగితే ఊడి వస్తుంది, లోపల ఇరుసు చుట్టూ బొచ్చు ఉంగరంలా బిగిసి ఉంటుంది. చక్రం తిరగకపోతే రోబో ఒక పక్కకి లాగుతూ టైల్స్ మీద గీతలు పెడుతుంది. మాపు కూడా వేసే మోడలైతే ముందు పొడి చుట్టు తిప్పి, తర్వాతే తడిబట్ట తగిలించండి. ఇంట్లోనే దొడ్డికి వెళ్లే కుక్కపిల్ల ఉంటే ఎవరూ లేనప్పుడు రోబో నడపొద్దు, ఆ గలీజుని ఇల్లంతా పులుముతుంది.

ఈ సామాను ఏది కొన్నా వాషింగ్ మెషిన్ దగ్గర ఒక జాగ్రత్త మిగిలే ఉంటుంది. కుక్క పడుకునే దుప్పటిని నేరుగా మెషిన్‌లో వేస్తే బొచ్చు మిగతా బట్టలకి అంటుతుంది, మిగిలింది నీళ్లు బయటికి తోసే పంపు దారి పడుతుంది. ముందు రోలరు ఆడించి, బయట గట్టిగా దులిపి, విడిగా వేసి ఒక జాడింపు ఎక్కువ పెట్టండి. టాప్ లోడ్‌లో జాలీ సంచిని ప్రతి ఉతుకు తర్వాతా ఖాళీ చేయాలి. ఫ్రంట్ లోడ్‌లో కింద ముందువైపు చిన్న తలుపు వెనక పంపు ఫిల్టరు ఉంటుంది. పళ్లెం పెట్టి, మెల్లగా తిప్పి నెలకోసారి తీయండి, నీళ్లు పోవడం లేదన్న ఎర్రర్ తరచుగా దీనివల్లే. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో తడి బొచ్చు మిగులుతుంది, అది గుడ్డతో తుడవాలి. ఏసీ లోపలి జాలీ రెండు వారాలకోసారి కడగండి, ఫ్రిజ్ వెనక జాలీ బొచ్చు పట్టి ఉంటే కంప్రెసరు ఆగకుండా నడుస్తుంది.

ఇంట్లో ఎవరికైనా పిల్లి వల్ల తుమ్ములో ఆయాసమో వస్తుంటే ఈ సామాన్లు కొంతవరకే సాయం. బాధపెట్టేది వెంట్రుక కాదు, పిల్లి లాలాజలంలో, చర్మపు జిడ్డులో ఉండే ప్రోటీన్. అది గోడలకీ కర్టెన్లకీ పట్టి నెలల తరబడి ఉంటుంది. అప్పుడు పడకగదిలోకి పిల్లిని రానివ్వకపోవడం, ఆ గదిలో హెపా ఫిల్టరు (అతి సన్నటి ధూళిని కూడా పట్టే జాలీ) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టడం రోలర్ల కంటే ముందు చేయాల్సినవి.

రాలడం ఒంటి నిండా సమానంగా ఉంటే అది మామూలే. గుండ్రంగా మచ్చలు మచ్చలుగా ఊడుతున్నా, చర్మం ఎర్రగా పొలుసులు లేస్తున్నా, రెండు పక్కలా ఒకే చోట పలచబడుతున్నా ఏ దువ్వెనా కొనకండి. గజ్జి పురుగో, తామరో, థైరాయిడ్ లోపమో కావచ్చు, పశువైద్యుడు చర్మం గీకి గానీ, రక్తం తీసి గానీ పరీక్ష చేయాలి. తామర అయితే ఆ దువ్వెనతోనే రెండో జంతువుకీ, పిల్లలకీ అంటుతుంది. తేలేదాకా ఆ దువ్వెనని విడిగా మూట కట్టి పెట్టండి.